డ్రైనేజీ అన్నీ మింగుతుందా?

కంటికి కనపడకుండా పోతే చాలు, పీడ విరగడైందనుకుంటాం. సింకులో పోసిన నూనె అయినా, ఫ్యాక్టరీ వెనక వదిలిన ఆమ్లం అయినా... డ్రైనేజీలో పడ్డాక ఇక మనది కాదు. కానీ నేలకింద దాని ప్రయాణం అప్పుడే మొదలవుతుంది. ఆ దారిలో మనుషులున్నారు, సూక్ష్మజీవులున్నాయి, చివర్లో పొలాలున్నాయి.

2022 జనవరి 6. సూరత్ దగ్గరి సచిన్ పారిశ్రామికవాడ. ఇంకా తెల్లారలేదు. ఓ ట్యాంకర్ వచ్చి మురుగు కాల్వ పక్కన ఆగింది. అందులోని రసాయన వ్యర్థాలు కాల్వలోకి జారాయి. కాసేపటికే విషవాయువు కమ్ముకుంది. దగ్గర్లోని మిల్లు కార్మికులు ఉన్నవారు ఉన్నట్టే కుప్పకూలారు. ఆరుగురు చనిపోయారు. ఇరవైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

2023 ఏప్రిల్ 30. లూథియానాలోని గియాస్‌పురా. ఇరుకు వీధి, కిరాణా కొట్టు, చుట్టూ ఇళ్లు. ఆదివారం ఉదయం గాలి పీల్చినవారు పీల్చినట్టే పడిపోయారు. పదకొండుమంది ప్రాణాలు పోయాయి. వారిలో పిల్లలూ ఉన్నారు. మురుగు పైపులోంచి ఎగదన్నిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువే కారణమని దర్యాప్తు చేసినవారు అనుమానించారు.

చనిపోయినవారెవరూ డ్రైనేజీలోకి దిగలేదు. ఊరికే దాని పక్కన ఉన్నారంతే! నగరం కింద పారే మురుగులోకి ఎవరు ఏం వదులుతున్నారన్నది ఎవరో అధికారులు చూసుకునే విషయమని వదిలేయడానికి వీల్లేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పైపు కాదు... పెద్ద గంగాళం!

ఇంట్లోంచి వెళ్లే మురుగులో నూటికి 99 పాళ్లకు పైగా నీళ్లే. మిగతాది మలం, సబ్బు, తిండి మెతుకులు, నూనె. ఇవన్నీ కుళ్లే పదార్థాలు. వీటిని తీసుకెళ్లి శుద్ధి కేంద్రంలో వేస్తే సూక్ష్మజీవులు తినేస్తాయి. డ్రైనేజీ వ్యవస్థను తయారుచేసింది ఈ పని కోసమే.

అందులోకి ఆమ్లం వచ్చి పడితే? అప్పటికే మురుగులో ఉన్న సల్ఫైడ్‌లతో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను బయటికి తన్నుతుంది. లోహాలకు పూతపూసే యూనిట్లు వదిలే సైనైడ్ నీళ్లకు ఆమ్లం తగిలితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. ఒక ఫ్యాక్టరీ వదిలినది విడిగా చూస్తే పెద్ద ప్రమాదం అనిపించకపోవచ్చు. పక్క వీధి ఫ్యాక్టరీ వదిలినదీ అంతే. రెండూ నేలకింద ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఆ గంగాళంలో ఏది దేనితో కలిసి ఏమవుతుందో పైనున్నవారికి తెలియదు.

పెట్రోలు, థిన్నర్ లాంటి మండే ద్రవాలైతే చెప్పనక్కర్లేదు. 1981 ఫిబ్రవరి 13న అమెరికాలోని లూయీవిల్ నగరంలో తెల్లవారుజామున వీధులకు వీధులే పేలిపోయాయి. సోయా నూనె తీసే ఓ కర్మాగారం నుంచి హెక్సేన్ అనే ద్రావణి మురుగు పైపుల్లోకి చేరింది. ఆ ఆవిరికి పైన వెళ్తున్న కారు నుంచి వచ్చిన నిప్పురవ్వ తోడైంది. రెండు మైళ్లకు పైగా రోడ్లు దెబ్బతిన్నాయి. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు.

మెక్సికోలోని గ్వాదలహారాకు ఆ అదృష్టం దక్కలేదు. 1992 ఏప్రిల్ 22న అక్కడ దాదాపు ఎనిమిది కిలోమీటర్ల పొడవునా వీధులు బద్దలయ్యాయి. రెండొందల మందికి పైగా చనిపోయారు. తుప్పుపట్టిన గొట్టం నుంచి కారిన పెట్రోలు డ్రైనేజీలో చేరడమే కారణం. బాధ కలిగించే విషయం ఏంటంటే... డ్రైనేజీల్లోంచి పెట్రోలు వాసన వస్తోందని జనం రోజుల ముందే ఫిర్యాదు చేశారు. వీధుల్ని మాత్రం ఖాళీ చేయించలేదు.

దిగేవాడికే తొలి దెబ్బ

హైడ్రోజన్ సల్ఫైడ్‌ది చిత్రమైన స్వభావం. కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. ఎక్కువైతే అసలు వాసనే తెలియదు. గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు దాటిందంటే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన తగ్గింది, ఇక ఫర్వాలేదనుకుని దిగినవాడు మరి పైకి రాడు. గాలికంటే బరువు కనుక అది గుంత అడుగునే పేరుకుని ఉంటుంది. పడిపోయినవారిని కాపాడాలని దిగినవారూ పోవడం అందుకే. ఒకరితో మొదలైన ప్రమాదం ఇద్దరు, ముగ్గురితో ముగియడం పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదూ!

2021 ఆగస్టులో హైదరాబాద్ సాహెబ్‌నగర్‌లో ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు మ్యాన్‌హోల్‌లోనే ప్రాణాలు వదిలారు. రక్షణ సాధనాలు లేకుండా మనుషుల్ని డ్రైనేజీల్లోకి దించడం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. ఇలా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకీ వెళ్లగలిగే 70 చిన్న యంత్రాలను రంగంలోకి దించింది. పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలకూ, దళిత యువతకూ వాటితో ఉపాధి దొరికింది.

యంత్రాలొచ్చాయి, మంచిదే. కానీ పైపు ఎందుకు మూసుకుపోతోంది, అందులో ఆ వాయువు ఎందుకంత చేరుతోంది అన్న ప్రశ్న అలాగే ఉంది. ఇదే వాయువు పైపు పైకప్పున చేరి, అక్కడి బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి కాంక్రీటునూ తినేస్తుంది. వానాకాలంలో ఉన్నట్టుండి రోడ్డు కుంగిపోయే చోట్ల, కింద పైపు ఎన్నేళ్లుగా కరుగుతూ వచ్చిందో!

జీతం అడగని పనివాళ్లు

1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ఓ పద్ధతి కనిపెట్టారు. మురుగులోకి గాలి పంపిస్తూ, అడుగున చేరిన బురదను పారబోయకుండా మళ్లీ మళ్లీ వాడారు. ఆ బురద నిండా బ్యాక్టీరియానే. కొత్తగా వచ్చిన మురుగును అవి గబగబా తినేసి నీటిని తేటపరిచాయి. వందేళ్లు దాటినా ప్రపంచంలోని చాలా శుద్ధి కేంద్రాలు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

అంటే శుద్ధి కేంద్రంలో అసలు పనివాళ్లు పంపులూ, మోటార్లూ కాదు... బ్యాక్టీరియా! పశువుల కొట్టంలో గేదెల్ని చూసుకున్నట్టే వాటినీ చూసుకోవాలి. వేళకు మేత కావాలి, గాలి కావాలి, విషం తగలకూడదు. ఓ రాత్రి నాలాలోకి పడిన ట్యాంకరెడు రసాయనం తగినంత పలచబడకుండా అక్కడికి చేరిందంటే వాటిలో ఎన్నో చచ్చిపోతాయి. మళ్లీ పెరిగి పనిలోకి రావడానికి రోజులు పడుతుంది. అమ్మోనియాను విడగొట్టే రకాలైతే మరీ నిదానంగా పెరుగుతాయి, వారాలు కావాలి. అన్నాళ్లూ లక్షలమంది ఇళ్ల మురుగు సరిగా శుద్ధి కాకుండానే నదిలోకి పోతుంది. తప్పు చేసింది ఒక్కడు, ఫలితం ఊరందరిదీ.

హైదరాబాద్‌లో అంబర్‌పేట శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. 2021లో నగరం చుట్టూ 31 కొత్త కేంద్రాల కోసం ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇంత సొమ్ము పోసి కట్టిన ఆస్తికి ప్రాణం ఆ కంటికి కనిపించని జీవులే. వాటిని కాపాడుకోవడమంటే మన పన్నుల డబ్బును కాపాడుకోవడమే!

తినలేనివి ఎటు పోతాయి?

బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నా అన్నిటినీ తినలేవు. క్రోమియం, సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఏ జీవీ విడగొట్టలేదు. అవి కొంత నీటితో బయటికి పోతాయి, కొంత బురదలో చేరతాయి. ఆ బురద ఎరువుగా పొలానికి వెళ్తే లోహమూ వెంటే వెళ్తుంది.

కాన్పూర్‌లోని జాజ్‌మవు ఇందుకు ఉదాహరణ. గంగను కాపాడాలని 1990లలో అక్కడ రోజుకు 3.6 కోట్ల లీటర్ల కేంద్రం కట్టారు. తోళ్ల పరిశ్రమల నీరు ఒక పాలు, ఇళ్ల మురుగు మూడు పాళ్లు కలిపి శుద్ధి చేయడం దాని పద్ధతి. శుద్ధి అయిన నీటిని చుట్టుపక్కల ఊళ్ల పొలాలకు ఇచ్చారు. ఎరువుతో కూడిన నీళ్లని మొదట్లో సంతోషించిన రైతులు తర్వాత పంటలు దెబ్బతింటున్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని మొరపెట్టుకున్నారు. తోళ్లకు వాడే క్రోమియం ఆ నేలల్లోకీ చేరింది.

ఇక మన పటాన్‌చెరు సంగతి. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల నుంచి వ్యర్థజలాలు వచ్చేవి. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. ప్రపంచమంతా నివ్వెరపోయింది. లీటరు నీటిలో గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ! రోజుకు దాదాపు 45 కిలోల మందు ఆ నీళ్లలో పోతోందని వారి అంచనా. 500 మిల్లీగ్రాముల మాత్రల్లో లెక్కేస్తే రోజుకు 90 వేల మాత్రలన్నమాట.

ఇందులో నష్టపోయింది చేపలూ, పంటలే కాదు. యాంటీబయాటిక్ కలిసిన నీటిలో మామూలు బ్యాక్టీరియా చస్తాయి, మందుకు లొంగని మొండి రకాలు మిగులుతాయి. అవే పెరుగుతాయి. రేపు ఎక్కడో ఓ పసిబిడ్డకు జ్వరమొస్తే, ఆ మందు పనిచేయకపోవచ్చు.

పద్దెనిమిది కిలోమీటర్ల పంచాయితీ

పటాన్‌చెరు కాలుష్యం మీద పోరాటం పాతది. ఇసుకవాగు, నక్కవాగుల వెంట ఉన్న పల్లెల్లో బావులు రంగు మారాయి, పొలాలు బీళ్లయ్యాయి. 1990లోనే విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ క్రమంలో వచ్చిన పరిష్కారాల్లో ఒకటి పైపులైను. ఉమ్మడి కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని వాగుల్లోకి వదలకుండా, 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా హైదరాబాద్ ప్రధాన మురుగు పైపులో కలిపి, అంబర్‌పేటలో ఇళ్ల మురుగుతో పాటు మళ్లీ శుద్ధి చేసి మూసీలోకి వదలాలన్నది ఆలోచన.

వినడానికి బాగానే ఉంది. నక్కవాగు రైతుకు ఊరట. కానీ మూసీ దిగువన ఉన్న రైతు ఏమనాలి? అక్కడి పొలాలకు, పశువుల గడ్డికి ఆ నీళ్లే ఆధారం. 'ఒక ఊరి విషాన్ని తెచ్చి ఇంకో ఊరి మీద పోయడం కాదా ఇది?' అని పర్యావరణవేత్తలు నిలదీశారు. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం మందుల కంపెనీల రసాయనాలను ఎలా విడగొడుతుందని అడిగారు. కోట్ల లీటర్ల మురుగులో కలిస్తే ఏ రసాయనమైనా పలచబడుతుంది. పరీక్షలో అంకె తగ్గుతుంది. అయితే పలచబడటం వేరు, పోవడం వేరు. పాలల్లో నీళ్లు కలిపితే పాలు మాయం కావు కదా!

ఈ పంచాయితీ నేర్పిన పాఠం ఒకటుంది. వ్యర్థం ఎక్కడ పుట్టిందో అక్కడే ఆపాలి. కలిసిపోయాక విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ తర్వాతి ఏళ్లలో హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్నో మందుల కంపెనీలు చిక్కటి వ్యర్థజలాలను ఆవరణలోనే మరిగించి, నీటిని మళ్లీ వాడుకుని, మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే పద్ధతిలోకి మారాయి. ఖర్చు ఎక్కువే. ఆ ఖర్చు తప్పించుకోవాలనుకున్నవారి ట్యాంకర్లే అర్ధరాత్రి నాలాల దగ్గర ఆగుతుంటాయి.

గేటు దగ్గరే లెక్క

మరి డ్రైనేజీలోకి ఏది ఎంత వదలవచ్చు? 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం పరిశ్రమ ఏదైనా వ్యర్థజలాన్ని మురుగు పైపులోకి వదలాలన్నా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాల్సిందే. నదికి వదిలినా, డ్రైనేజీకి వదిలినా చట్టం ముందు ఒకటే. ఎంత వదలవచ్చన్న లెక్కలు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ఉన్నాయి.

ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 5.5 నుంచి 9 మధ్యే ఉండాలి. లీటరుకు నూనె, జిడ్డు 20 మిల్లీగ్రాములు మించకూడదు. సైనైడ్ 2, సీసం 1, ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు దాటరాదు. పాదరసమైతే 0.01 మిల్లీగ్రాములే. కుళ్లే పదార్థాల మోతాదును చెప్పే బీవోడీకి మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. నదిలోకైతే 30 దాటకూడదు, డ్రైనేజీలోకైతే 350 వరకూ ఫర్వాలేదు. ఎందుకంటే దాన్ని అవతల బ్యాక్టీరియా తింటాయి కనుక. ఇక్కడే చాలామంది గమనించని షరతు ఒకటుంది. ఆ పైపు నిజంగా జీవశుద్ధి కేంద్రానికి వెళ్తేనే ఈ వెసులుబాటు వర్తిస్తుంది. తిన్నగా చెరువులోకో, నాలాలోకో వెళ్తే నదికి పెట్టిన కఠిన నియమమే దానికీ వర్తిస్తుంది.

యాంటీబయాటిక్స్ సంగతి? ఈ పట్టికలో వాటి పేరే లేదు. 2020 జనవరిలో కేంద్రం 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా ఇచ్చింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు కనిపించలేదు. మందుల తయారీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లు ఎంతమేర ఉండొచ్చన్న దానిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలోనే మందుల తయారీకి పేరుపడ్డ హైదరాబాద్‌కు వాటి అవసరం ఎంతో వేరే చెప్పాలా?

మురుగు అబద్ధం చెప్పదు

నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. వదిలినవాడిని పట్టుకోవడం ఎలా? 2020 ఆగస్టు గుర్తుందా... సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు శుద్ధి కేంద్రాలకు వచ్చే మురుగును పరీక్షించి, హైదరాబాద్‌లో సుమారు 6.6 లక్షలమందికి కరోనా సోకి ఉండొచ్చని లెక్కగట్టారు. ఆసుపత్రి లెక్కల్లో దొరకనిది మురుగులో దొరికింది! రసాయనాల విషయంలోనూ అంతే. శుద్ధి కేంద్రంలో క్రోమియం పెరిగిందంటే, అక్కడి నుంచి ఒక్కో మ్యాన్‌హోల్ దగ్గర నమూనా తీసుకుంటూ వెనక్కి నడిస్తే చాలు. ఎక్కడ అంకె ఉన్నట్టుండి మారుతుందో ఆ వీధిలోనే ఉంటాడు వదిలినవాడు. దొంగ అడుగుజాడలు పట్టుకుని వెళ్లినట్టే.

అమెరికాలో 1972 నాటి చట్టం కింద ఈ పని పెద్ద ఎత్తున సాగుతుంది. శుద్ధి కేంద్రం నడిపే సంస్థే తన పరిధిలోని పరిశ్రమలకు అనుమతి ఇస్తుంది, నమూనాలు తీస్తుంది, తప్పితే జరిమానా వేస్తుంది. తన బ్యాక్టీరియా ఎంత తట్టుకోగలదో చూసుకుని స్థానికంగా పరిమితులు పెడుతుంది. చిన్నవారిని కూడా వదల్లేదు. పళ్ల గుంతల్లో నింపే మిశ్రమంలో పాదరసం ఉంటుందని, దంతవైద్యశాలలు దాన్ని వడకట్టే పరికరం పెట్టుకోవాలని 2017లో నిబంధన తెచ్చారు. మన దగ్గర అనుమతి ఇచ్చేది ఒక మండలి, పైపు నడిపేది ఇంకో మండలి. ఇద్దరి లెక్కలూ ఒకచోట చేరితే సగం పని అయినట్టే.

మన సింకు సంగతో?

అన్నీ ఫ్యాక్టరీల మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడమూ కుదరదు. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ బయటపడింది. దాన్ని తవ్వి తీయడానికి వారాలు పట్టింది. అందులో ఫ్యాక్టరీ వ్యర్థాల్లేవు. వంటిళ్ల నూనె, దానికి అంటుకున్న తడి తుడుపు కాగితాలే! బిర్యానీ హోటళ్లు, మిర్చి బజ్జీ బండ్లు, కర్రీ పాయింట్లు ఉన్న మన వీధుల కిందా అదే కథ. అందుకే జిడ్డును, మట్టిని పట్టే సిల్ట్ చాంబర్ కట్టుకోవాలని హోటళ్లకు జలమండలి నోటీసులిస్తుంటుంది. వాడేసిన నూనెను పారబోయనక్కర్లేదు కూడా. దాన్ని సేకరించి బయోడీజిల్ చేయించేందుకు ఆహార భద్రత సంస్థ 2018లోనే కార్యక్రమం మొదలుపెట్టింది.

ఇంటివరకూ చేయగలిగినవి తేలికే.

* వేయించగా మిగిలిన నూనెను సీసాలో పోసి ఉంచండి. కొద్దిగా అయితే కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయండి.

* పెయింటు, థిన్నర్, బ్యాటరీ ఆమ్లం, పురుగుమందు... వీటిలో ఏదీ సింకులో గానీ టాయిలెట్‌లో గానీ పోయకండి.

* మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రల్ని ఫ్లష్ చేయకండి. అసలు మిగలకుండా డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడటం ఇంకా మంచిది.

* న్యాప్‌కిన్లు, డైపర్లు, తడి తుడుపు కాగితాలు చెత్త బండికే ఇవ్వండి.

* టాయిలెట్ శుభ్రం చేసే ఆమ్లాన్నీ, బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకండి. మీ స్నానాలగదిలోనే విషవాయువు పుడుతుంది.

* డ్రైనేజీ నుంచి పెట్రోలు, రసాయనాల వాసన వచ్చినా, రాత్రివేళ ట్యాంకర్ నాలా పక్కన ఆగినా కాలుష్య నియంత్రణ మండలికి, జలమండలికి చెప్పండి. ట్యాంకర్ నంబరు రాసిపెట్టుకోండి. దగ్గరికి మాత్రం వెళ్లకండి.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరద నివారణతో ఆగలేదు, నగరానికి పద్ధతైన డ్రైనేజీ ఉండాలని కూడా చెప్పారు. అప్పటి ఇంజినీర్లు తలచింది ఇళ్లలోంచి వచ్చే మురుగునే. వందేళ్లలో నగరం ఎన్నో రెట్లు పెరిగింది, మురుగులో కలిసేవాటి జాబితా అంతకన్నా పెరిగింది. కొత్త పైపులు వేయొచ్చు, కొత్త కేంద్రాలు కట్టొచ్చు. వాటిలోకి ఏం పోకూడదో ముందే ఆపకపోతే మాత్రం, ఆ ఖర్చంతా మూసీలో పోసినట్టే.